నడుమునొప్పికి కారణమయ్యే వెన్నెముక తిత్తులు: స్వల్పకోత చికిత్సలు – ఒక వివరణ

వ్యాససంగ్రహం:
నడుమునొప్పితో బాధపడేవారికి తీసిన ఎమ్మారై చిత్రాల్లో అప్పుడప్పుడు వెన్నెముక వద్ద ద్రవంతో నిండిన తిత్తులు కనిపిస్తాయి. వీటిలో కొన్ని నాడీమూలాలను నొక్కి నొప్పి కలిగిస్తాయి. మరికొన్ని ఏ హానీ చేయక అలాగే ఉండిపోతాయి. ఈ తిత్తుల్లోని ప్రధానభేదాలను, సూదితోనూ చిన్నకోతతోనూ చేసే చికిత్సల తీరును వివరించడం, చికిత్సకు ముందే తిత్తికీ నొప్పికీ గల సంబంధం నిర్ధారణ కావాలని తెలపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నడుమునొప్పి, వెన్నెముక, తిత్తి, ఫేసెట్ కీలు, టార్లవ్ తిత్తి, స్వల్పకోత శస్త్రచికిత్స.

1. ప్రవేశిక:
ఎమ్మారై నివేదిక ఆంగ్లంలో ఉంటుంది. అందులోని 'సిస్ట్' అన్న మాట ఇంటికి చేరేసరికి తరచుగా 'గడ్డ'గా మారుతుంది. తెలుగులో ఈ మాటకు అర్థవ్యాప్తి ఎక్కువ. సెగగడ్డ మొదలు క్యాన్సర్ కణితి వరకు అన్నింటినీ జనవ్యవహారం గడ్డ అనే పిలుస్తుంది. అందువల్ల 'వెన్నులో గడ్డ' అని వినగానే రోగికి ప్రాణభయం కలగడం సహజం. ఆ భయంలో అవసరం లేని శస్త్రచికిత్సకు ఒప్పుకోవడం, లేదా అవసరమైన చికిత్సను వాయిదా వేయడం రెండూ జరగవచ్చు. 'తిత్తి' అన్న పదం ఈ సందర్భానికి మరింత తగినది. కొలిమితిత్తి, ఊపిరితిత్తి అన్నప్పుడు గాలిని నింపుకొనే సంచి మనసుకు తోస్తుంది. వెన్నెముక సిస్టు కూడా సంచి వంటిదే. దాని గోడ పలుచన, లోపల ఉండేది ద్రవం.

2. తిత్తులు – ప్రధానభేదాలు:
2.1 కీలుతిత్తులు: ప్రతి వెన్నుపూస వెనుకభాగంలో పై పూసతోనూ కింది పూసతోనూ కలిపే చిన్న కీళ్ళు జంటలుగా ఉంటాయి. వీటిని ఫేసెట్ కీళ్ళు అంటారు. మోకాలిలో వలె వీటిలోనూ కందెనగా పనిచేసే ద్రవం, దానిని పట్టి ఉంచే పొర ఉంటాయి. వయసుతో కీలు అరిగినప్పుడు ఆ పొర ఉబ్బి వెన్నుకాలువలోకి చొచ్చుకురావచ్చు. నడుము ప్రాంతంలోని 4, 5 పూసల మధ్య ఈ తిత్తులు ఎక్కువగా ఏర్పడతాయి. అక్కడి కీలుపై కదలిక, భారం ఎక్కువ. పై పూస కింది పూసపై కొద్దిగా ముందుకు జారి ఉండడం కూడా చాలామందిలో కనిపిస్తుంది. నడుమునొప్పితోపాటు ఒక కాలిలోకి దిగే నొప్పి, నడిస్తే పెరిగి కూర్చుంటే తగ్గే లాగుడు దీని ప్రధానలక్షణాలు.

2.2 నాడీమూల తిత్తులు: 1938లో మాంట్రియల్ నాడీశాస్త్ర సంస్థలో పనిచేస్తున్న ఇసడోర్ టార్లవ్ వీటిని వర్ణించారు. అందుకే ఇవి ఆయన పేరుతో ప్రసిద్ధమయ్యాయి. నడుము కింది త్రికాస్థి వద్ద, నాడీమూలాన్ని చుట్టి ఉండే పొరల మధ్య ఇవి ఏర్పడతాయి. మెదడును, వెన్నుపామును తడిపే ద్రవమే వీటిలో చేరుతుంది. లోపలికి వచ్చిన ద్రవం తేలికగా వెనక్కు పోలేని కవాటం వంటి ఏర్పాటు వల్ల తిత్తి పెరుగుతుందని ప్రబలమైన అభిప్రాయం. నాడీపోగులు తిత్తిగోడలోనే ఉండడం వల్ల దీనిని పూర్తిగా కోసి తీసివేయడం ప్రమాదకరం.

3. నిర్ధారణ:
500 మంది నడుము ఎమ్మారై చిత్రాలను పరిశీలించి 1994లో ప్రచురించిన అమెరికన్ అధ్యయనంలో 4.6 శాతం మందిలో టార్లవ్ తిత్తులు కనిపించాయి. వాటి వల్ల లక్షణాలు ఉన్నవారు 1 శాతం మాత్రమే. తిత్తి కనబడడం వేరు, అది నొప్పికి కారణం కావడం వేరు అని ఈ అంకెలు తెలుపుతున్నాయి.

అందువల్ల వైద్యుడు తిత్తి ఏ పక్కన ఉంది, ఏ నాడీమూలాన్ని తాకుతోంది, నొప్పి సరిగ్గా ఆ నాడి దారిలోనే ఉందా అన్నవి పోల్చి చూడాలి. జారిన డిస్కు, అరిగిన తుంటికీలు వంటి ఇతర కారణాలనూ తోసిపుచ్చాలి. తిత్తి స్వభావం తెలియకుండా సూది గుచ్చడమూ ప్రమాదమే. కుక్కలు, గొర్రెల మధ్య తిరిగే ఒక బద్దెపురుగు వల్ల కలిగే హైడాటిడ్ తిత్తి అరుదుగా వెన్నెముకలోనూ ఏర్పడుతుంది. అది పగిలితే వ్యాధి వ్యాపించడమే కాక తీవ్రమైన అలర్జీ కలగవచ్చు.

4. చికిత్సలు:
4.1 వేచిచూడడం: నాడీబలహీనత లేనప్పుడు మందులు, వ్యాయామచికిత్సతో మొదలుపెడతారు. కొన్ని కీలుతిత్తులు వాటంతటవే కుంచించుకుపోతాయి.

4.2 సూదితో తిత్తిని పగలగొట్టడం: ఎక్స్‌రే లేదా సీటీ చిత్రం చూస్తూ, చర్మం గుండా ఫేసెట్ కీలులోకి సూది పంపుతారు. మత్తుమందు, స్టెరాయిడ్ ఇచ్చి, తర్వాత ఒత్తిడితో ద్రవం ఎక్కించగా తిత్తి పగులుతుంది. ఆ క్షణంలో కాలినొప్పి ఒక్కసారి పెరగవచ్చు. పలుచని ద్రవం గల తిత్తులు దీనికి బాగా లొంగుతాయి. సున్నం పేరుకున్నవి లొంగవు. కోత, కుట్లు లేకపోవడం దీని సౌలభ్యం. అయితే 101 మంది రోగులపై 2009లో వెలువడిన అధ్యయనంలో సగానికి పైగా రోగులకు తర్వాతి కాలంలో శస్త్రచికిత్స చేయవలసివచ్చింది.

4.3 ద్రవం తీసి జిగురు నింపడం: టార్లవ్ తిత్తి నుండి ద్రవం తీసినంత మాత్రాన ఉపశమనం నిలవదు; తిత్తి మళ్ళీ నిండుతుంది. అందుకే రక్తాన్ని గడ్డకట్టించే మాంసకృత్తులతో చేసిన ఫైబ్రిన్ జిగురును లోపల నింపే పద్ధతి వచ్చింది. తిత్తి మెడ వెడల్పుగా ఉంటే జిగురు వెన్నుద్రవంలోకి జారి, క్రిమి లేని మెదడుపొరల వాపు కలిగించవచ్చు. కాబట్టి ఎంపికలో జాగ్రత్త తప్పనిసరి.

4.4 గొట్టం ద్వారా శస్త్రచికిత్స: సుమారు 2 సెంటీమీటర్ల కోత నుండి గొట్టాన్ని దించి, కండరాలను కోయకుండా వాటి పోగులను పక్కకు జరిపి, సూక్ష్మదర్శిని సాయంతో కీలుతిత్తిని తొలగిస్తారు. సూదిచికిత్సతో పోలిస్తే దీని ఫలితం ఎక్కువకాలం నిలుస్తుంది. తిత్తి నాడీపొరకు అంటుకొని ఉంటే ఆ పొర చిరిగి ద్రవం కారే ప్రమాదం ఉంది. కీలును ఎక్కువగా తొలిస్తే పూస మరింత జారవచ్చు. ఇప్పటికే పూస కదులుతున్నవారికి స్క్రూలతో పూసలను కలిపే చికిత్స అవసరం కావచ్చు.

5. అత్యవసర లక్షణాలు:
మూత్రం ఆగిపోవడం లేదా అదుపు తప్పడం, మలవిసర్జనపై పట్టు పోవడం, తొడల మధ్యభాగంలో స్పర్శ తగ్గడం, కాళ్ళలో బలహీనత త్వరగా పెరగడం కనిపిస్తే వేచిచూడరాదు. ఇవి నాడీగుచ్ఛం నలుగుతోందనడానికి గుర్తులు. వెంటనే ఆసుపత్రికి చేరాలి.

6. ముగింపు:
1. వెన్నెముక తిత్తి క్యాన్సర్ కణితి కాదు. నివేదికలో కనిపించిన ప్రతి తిత్తికీ చికిత్స అక్కరలేదు.
2. కీలుతిత్తికీ టార్లవ్ తిత్తికీ పుట్టుక వేరు, చికిత్స వేరు. ఏ రకమో తెలిసిన తర్వాతే పద్ధతిని ఎంచుకోవాలి.
3. కోత చిన్నదైనంత మాత్రాన నిర్ణయం చిన్నది కాదు. "నా నొప్పికి కారణం ఈ తిత్తే అని ఎలా తెలిసింది?" అన్నది రోగి అడగవలసిన మొదటి ప్రశ్న.
4. ఆ ప్రశ్న అడగాలంటే నివేదిక రోగికి అర్థం కావాలి. 'గడ్డ', 'తిత్తి' పదాల మధ్య తేడాను పాటిస్తూ నివేదికతోపాటు తెలుగులో చిన్న వివరణ ఇవ్వడం చికిత్సలో భాగంగా భావించదగినది.