గోపన్‌పల్లిలో కీబోర్డు, వికారాబాద్ అవతల టెలిస్కోపు

ఆకాశం ఎంత చీకటిగా ఉందో కొలిచే మీటరు అరచేతిలో ఇమిడిపోతుంది. పెద్ద నగరాల్లో అది 18 దగ్గర చూపిస్తుంది, మంచి పల్లె ఆకాశం కింద 21 చూపిస్తుంది. తేడా మూడంకెలే. కానీ ఈ కొలతలో ఒక్కో అంకెకు వెలుగు 2.512 రెట్లు మారుతుంది కాబట్టి మూడంకెలంటే దాదాపు 16 రెట్లు. పల్లెలో గంటసేపు ఫొటో తీస్తే మసక గెలాక్సీ ఎంత స్పష్టంగా వస్తుందో, అదే టెలిస్కోపుతో హైదరాబాద్‌లోని గోపన్‌పల్లి మేడ మీద అంత స్పష్టత రావాలంటే 16 గంటలు తీయాలి. 8 అంగుళాల అద్దం బదులు 16 అంగుళాలది కొన్నా వైశాల్యం 4 రెట్లే పెరుగుతుంది. అప్పటికీ పల్లెలోని చిన్న అద్దం కంటే 4 రెట్లు వెనకే ఉంటాం.

కలిసి చందాలు వేసుకుని వేధశాల కట్టుకోవాలనుకునే క్లబ్బు డబ్బు ముందు చోటు మీద, తర్వాత కప్పు మీద పెట్టాలి. అద్దం వంతు ఆఖరున.

చీకటి కోసం ఊరు దాటడం హైదరాబాద్‌కు అలవాటే. నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించి 1901లో ఫిసల్‌బండలో వేధశాల మొదలుపెట్టారు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది, తర్వాత అది బేగంపేటకు మారింది. అక్కడ 8 అంగుళాల ఫొటో టెలిస్కోపుతో ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి ప్రపంచ నక్షత్ర పట్టికకు అందించారు. మన ఊరి పేరు చెప్పుకుని గర్వపడాల్సిన పని అది. 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల టెలిస్కోపును నగరానికి 50 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, జపాల్-రంగాపూర్ దగ్గర నిలబెట్టింది. నగరపు వెలుగు ఇప్పుడు అటు కూడా చేరింది.

ఇప్పుడు టెలిస్కోపు వెంట మనిషి వెళ్ళనక్కర్లేదు. లద్దాఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపును రెండు వేల కిలోమీటర్లకు పైగా ఇవతల, బెంగళూరు దగ్గరి హొసకోటె నుంచి ఉపగ్రహ లింకు ద్వారా నడుపుతున్నారు. గోపన్‌పల్లి క్లబ్బుకు అందులో పదోవంతు అద్దం, పెద్ద కారు పట్టేంత గది చాలు. సాఫ్ట్‌వేర్ రాసే చేతులకు ఇక్కడ కొదవ లేదు. టీఐఎఫ్‌ఆర్ హైదరాబాద్ క్యాంపస్ ఇక్కడే ఉంది, సెంట్రల్ యూనివర్సిటీ పక్కనే.

మనకు దగ్గరి చీకటి పడమట, వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు దాటాక దొరుకుతుంది. అటు వెళితే నగరపు కాంతి తూర్పు దిక్కున గొడుగులా లేస్తుంది కనుక నక్షత్రం ఉదయించగానే కెమెరా తెరవకుండా, నడినెత్తికి చేరేదాకా ఆగాలి. స్థలం ఖాయం చేసేముందు అమావాస్య రాత్రి మీటరు పట్టుకుని వెళ్ళి నాలుగు దిక్కులా కొలవాలి.

ఇక కప్పు. దూరంలో ఉన్న వేధశాల బతికేదీ పాడయ్యేదీ ఇక్కడే. పట్టాల మీద పక్కకు జరిగే కప్పును అపార్ట్‌మెంటు గేటు జరిపే మోటారే లాగగలదు. కష్టమంతా దాన్ని వేళకు మూయించడంలో ఉంది. వాన చుక్క పడితే చెప్పే సెన్సరు ఒకటి కావాలి. ఆకాశపు వేడిని పరారుణంలో కొలిచే సెన్సరు ఇంకొకటి. నిర్మలంగా ఉన్న ఆకాశం గాలి కంటే బాగా చల్లగా కనిపిస్తుంది, మబ్బు కమ్మగానే ఆ తేడా పడిపోతుంది. వాన కంటే ముందే కప్పు మూయించేది ఈ రెండోదే. టెలిస్కోపు పడుకుందని లిమిట్ స్విచ్చి చెప్పేదాకా కప్పు కదలకూడదు, లేకపోతే గొట్టానికి కొట్టుకుంటుంది. అన్నింటికంటే ముఖ్యమైన నియమం: ఇంటర్నెట్ 5 నిమిషాలు పోతే కప్పు ఎవరినీ అడగకుండా తనంతట తానే మూసుకోవాలి.

కరెంటు లెక్క చిన్నదే. మౌంటు, కెమెరా, మినీ కంప్యూటరు, మంచు పట్టకుండా ఉంచే హీటరు కలిపి 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు అనుకుందాం. పది గంటలకు 1.2 యూనిట్లు. 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో 1.8 యూనిట్లుంటాయి, కానీ సగానికి మించి లాగకూడదు. కాబట్టి రెండు పెట్టాలి.

26 మెగాపిక్సెళ్ళ కెమెరాలో ఒక్కో ఫొటో 52 ఎంబీ. రెండు నిమిషాలకొకటి చొప్పున 8 గంటలకు 240 ఫొటోలు, అంటే దాదాపు 12.5 జీబీ. పల్లెలో అప్‌లోడు 10 ఎంబీపీఎస్ ఉంటే పంపడానికి మూడు గంటలు పట్టదు. పగలు పంపుకోవచ్చు.

ఏం చూడాలి? రంగుల నెబ్యులాలు అందరూ తీస్తారు. నా ఓటు వాస్ప్-43కి. 12.4 ప్రకాశాంకమున్న ఈ నక్షత్రం చుట్టూ ఒక గ్రహం 19.5 గంటలకొకసారి తిరుగుతూ, దాని ముందుకు అడ్డొచ్చినప్పుడు వెలుగును సుమారు 2.5 శాతం తగ్గిస్తుంది. ఆ అడ్డం గంటకు కాస్త పైన ఉంటుంది, 8 అంగుళాల అద్దానికి దొరుకుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, మనకు ఆకాశం బాగుండే నెలల్లోనే, దిగంతానికి 63 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. అమెరికాలో పగలైనప్పుడు మనకు రాత్రి కాబట్టి మన కొలతలు వాళ్ళకు దొరకని గంటలను నింపుతాయి. సరదాగా చూడాలంటే ఒమెగా సెంటారి ఉంది. లండన్ వాళ్ళకు అసలు ఉదయించని ఆ నక్షత్రాల గుంపు మనకు దక్షిణాన 25 డిగ్రీలు లేస్తుంది.

ఏడాదికి 120 రాత్రులు, రాత్రికి 8 గంటలు పనికొస్తాయనుకుంటే 960 గంటలు. 30 మంది పంచుకుంటే తలా 32. కార్యాలయం నుంచి అలసి వచ్చిన మనిషికి, రాత్రి వంద కిలోమీటర్లు నడపలేని తల్లికి, పరీక్షలున్న పిల్లకు అవి ఇంటిదగ్గరే అందుతాయి.

క్లబ్బు పెట్టబోయేవాళ్ళకు ఒక్క మాట. గదీ కప్పూ మే నాటికి పూర్తి చేయండి. లోపల ఖాళీ పిల్లరొక్కటే ఉంచి జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలలు ఇక్కడినుంచే తెరిచి మూసి చూడండి. లోపల ఒక్క చుక్క కూడా పడలేదని తేలాకే, అక్టోబరులో టెలిస్కోపు కొనండి.