ఉప్పెన తీసిన పిమ్మట పాట

రేడియోలో ఒక పాతపాట వచ్చుచుండగా ఇంటి పెద్దలు ఉన్నట్టుండి మౌనము వహించుట మనలో అనేకులము చూచియే యున్నాము. ఆ పాటతో వారికి ఏదో ఒక దినము జ్ఞప్తికి వచ్చినదన్నమాట. ఒక్క మనిషికే గాక, ఒక ప్రాంతమునకంతకును పాట ఇట్లు జ్ఞాపకము కాగలదా? గుంటూరు, ప్రకాశము జిల్లాల వారమగు మనకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు.

1977 నవంబరు 19వ తేదీన, కార్తికమాసమున, పెను తుపాను మన తీరమును తాకినది. దానితో లేచిన ఉప్పెన కృష్ణకు ఆవలనున్న దివిసీమను ముంచివేసినది. ఇవతల రేపల్లె, నిజాంపట్నము, బాపట్ల ప్రాంతములును మిక్కిలి నష్టపడినవి. ప్రభుత్వపు లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది మరణించిరి. నీరు తీసిన పిమ్మట ఇండ్లు మరల లేచినవి, పొలములు మరల పండినవి. పోయినవారి మాట పాటలలో నిలువవలసి వచ్చినది.

ఇట్టి వేళ మొదట పుట్టు పాట శోకము. మన పల్లెలలో స్త్రీలు చనిపోయినవానిని వరుస పెట్టి పిలుచుచు, అతని గుణములను, పనులను ఒక్కొక్కటిగా ఎన్నుచు, ప్రతి మాట చివర గొంతు సాగదీసి ఏడ్తురు. వినువారికి అది ఏడ్పుగానే తోచును. కాని పోయినదెవరు, ఎట్టివాడు, మిగిలినదెవరు అను వివరమంతయు అందులోనే యున్నది. రాగము తోడుండుటచే ఏండ్లు గడచినను ఆ మాటలు అదే క్రమమున నోటికి వచ్చును.

సొంత దుఃఖమును పదుగురి కథగా చేయు పని బుఱ్ఱకథది. కథకుడు తంబురా మీటుచు, వ్రేళ్ళ అందెలు మ్రోగించుచు కథ చెప్పును. ఇరువురు వంతలు డక్కీలు వాయించుచు తందాన పలుకుదురు. ఆ తందాన వినోదమునకు మాత్రమే కాదు. కథకునకు అది ఊపిరి తీసికొను వ్యవధి. శ్రోతకు విన్న మాట మనస్సున కుదురుకొను వ్యవధి. గుంటూరు జిల్లా పొన్నెకల్లునకు చెందిన షేక్ నాజర్ 1943 నాటి బెంగాలు కరవును సైతము ఈ విధముగనే మన పల్లెలకు వినిపించెను.

అయితే పాటకు ఒక లోపము కలదు. అది దుఃఖమును దాచినంత భద్రముగా తేదీని దాచదు. అమెరికాలో బెస్సీ స్మిత్ అను గాయని 1927 ఫిబ్రవరిలో ‘బ్యాక్ వాటర్ బ్లూస్’ అను వరద పాటను రికార్డు చేసెను. ఏప్రిల్ మాసమున మిసిసిపీ గట్లు తెగి మహావరద వచ్చినది. అప్పుడు జనులు ఆ పాట తమ వరదను గూర్చినదే యనుకొనిరి! పాట ముందే పుట్టినదన్న సంగతి రికార్డు చేసిన తేదీని బట్టి తెలిసినది.

కావున పాటతోపాటు వ్రాతయు కావలెను. పాట భయమును మరువనీయదు. వ్రాత ఆ భయమునకు కారణమును తెలుపును. 1990 మే 9వ తేదీన కృష్ణా ముఖద్వార ప్రాంతమును మరియొక పెను తుపాను తాకినపుడు, ముందుగనే లక్షకు పైగా జనులను తరలించుటచే మృతుల సంఖ్య వేయికి లోపుననే నిలిచినది. 1977 జ్ఞాపకము నేర్పిన పాఠము అది. హెచ్చరిక విన్నవారు లేచి కదలినప్పుడే దానికి ఫలము.

1948 డిసెంబరు 1న విజయవాడలో వెలసిన ఆకాశవాణి కేంద్రము మనకు సంగీతమును, తుపాను వార్తను ఒకే పెట్టె నుండి విన నేర్పినది. ఆనాడు ఇరువది యేండ్లవారు నేడు డెబ్బదికి చేరువైరి. మీ యింట అట్టివారున్నచో, వారికి తెలిసిన ఉప్పెన పాటను ఒకసారి పాడించుకొనుడు. పాట క్రింద పాడినవారి పేరు, ఊరు, విన్న దినము వ్రాసి యుంచుడు. ఆ గొంతు ఆగిన పిమ్మట అడుగుటకు ఎవరును మిగులరు.