మొదటి బ్యాగుకు ఏ తోలు?

తోలు బ్యాగు సొంతంగా కుట్టుకోవాలనుకునేవాళ్లు ముందు పనిముట్ల వేటలో పడతారు. ఆరె ఏది మంచిది, దారం ఎంత లావుండాలి, కుట్టు వంకర పోకుండా ఎలా అన్నవే వాళ్ల ప్రశ్నలన్నీ. నిజానికి బ్యాగు పదేళ్లు మన్నుతుందా, ఏడాదికే పట్టీ ఊడి చేతికొస్తుందా అన్నది చాలావరకు సూది పట్టకముందే తేలిపోతుంది. ఏ తోలు ఎంచుకున్నాం, అందులో ఏ భాగం కోశాం అన్నదే అసలు సంగతి. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేతికి మెత్తగా తగిలే క్రోమ్ తోలును పక్కనపెట్టి, చెట్టుచెక్కతో ఊనిన గట్టి తోలుతో మొదలుపెట్టాలని నా వాదన. దుకాణాల్లో దీన్ని వెజ్ టాన్ అంటారు. పాతకాలం మీద మోజుతో అంటున్న మాట కాదిది.

పశువు చర్మంలోంచి నీళ్లు తీసేస్తే మిగిలేదాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రోటీను. మూడు పేటలుగా పెనవేసుకున్న దాని అణువులు పోగులుగా, పోగులు కట్టలుగా చేరి అల్లిబిల్లిగా అల్లుకుని ఉంటాయి. పచ్చి చర్మాన్ని అలాగే వదిలేస్తే కుళ్లుతుంది. ఎండబెడితే పోగులు ఒకదానికొకటి అతుక్కుని బిరుసెక్కుతుంది. ఊనడమంటే ఆ పోగుల మధ్య నీళ్లకూ సూక్ష్మజీవులకూ లొంగని బంధాలు వేయడం. 1884లో అమెరికాలో అగస్టస్ షుల్ట్జ్ పేటెంటు తీసుకున్న తర్వాత ఈ పని క్రమంగా క్రోమియం లవణాల చేతుల్లోకి వెళ్లింది. అవి త్వరగా లోపలికి చొచ్చుకుపోయి ఒకటి రెండు రోజుల్లో పని ముగిస్తాయి. బాగా ఊనిన క్రోమ్ తోలు మరిగే నీళ్లలో వేసినా ముడుచుకోదు. చెక్కలోని టానిన్లు పెద్ద అణువులు, వారాల తరబడి నెమ్మదిగా ఇంకుతాయి. ఇంకాక మాత్రం పోగుల మధ్య ఖాళీలను నింపి తోలుకు బరువూ బిగువూ తెస్తాయి. మన ఊళ్లల్లో లందల్లో తంగేడు చెక్క, కరక్కాయ నీళ్లు పోసి తోళ్లు నానబెట్టి చేసింది ఇదే. 19వ శతాబ్దంలో మద్రాసు రేవులో ఇంగ్లండుకు ఓడ ఎక్కిన తోళ్లూ ఇలా ఊనినవే.

ఆ నిండుదనమే కొత్త చేతికి అండ. మెత్తని తోలు కత్తి కింద సాగుతుంది, జరుగుతుంది. ఒకే కొలతకు కోసిన రెండు ముక్కలు కుట్టు చివరికొచ్చేసరికి పొంతన తప్పుతాయి. వెజ్ టాన్ తోలు గీసిన గీత మీదే తెగుతుంది. కాస్త తడిపి మడిచి ఆరనిస్తే మడత అలాగే నిలుస్తుంది. అంచు సంగతి మరీ ముఖ్యం. కోసిన అంచును తడిచేసి నున్నటి కర్రతో రుద్దితే టానిన్లు నిండిన పోగులు అణిగి, ఒకదానికొకటి పట్టుకుని, మెరుపెక్కుతాయి. క్రోమ్ తోలు అంచును ఎంత రుద్దినా నూగు లేస్తుంది. దానికి పొరలు పొరలుగా రంగు పూయాలి, లేదంటే పలచగా చెక్కి లోపలికి మడవాలి. ఆ చెక్కడమే కొత్తవాళ్లు తప్పులు చేసే చోటు. పదార్థం అంతటా ఒకేలా ఉందనుకుంటే, మందం సగమైనప్పుడు వంచడానికి పట్టే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రంపె ఒక్కసారి జారిందంటే 2 మిల్లీమీటర్ల తోలు ఆ ఒక్కచోట నీరసించి, బరువు పడ్డప్పుడల్లా అక్కడే వంగుతుంది.

ముందు చవక ముక్కల మీద చెయ్యి తిప్పుకుని తర్వాత మంచి తోలు కొనొచ్చు కదా అంటారు. కోత వరకైతే నిజమే. కానీ కిలోల లెక్కన అమ్మే తునకల్లో పొట్ట, కాళ్ల భాగాలు ఎక్కువ. వెన్ను పక్కన దట్టంగా, బిగువుగా ఉండే పోగులు పొట్ట దగ్గరికొచ్చేసరికి వదులవుతాయి. అలాంటి ముక్కతో పట్టీ చేస్తే నాలుగు పుస్తకాల బరువుకే సాగుతుంది, చేసినవాళ్లు తప్పు తమ కుట్టుదేననుకుంటారు. వెన్ను దగ్గర, వెన్నుకు సమాంతరంగా పొడవునా కోసిన పట్టీకి ఆ బెడద తక్కువ.

కుట్టు విషయంలో ఎదురయ్యే అభ్యంతరం గట్టిదే: మిషన్ కుట్టు సమంగా ఉంటుంది, వేగంగా అవుతుంది, చేత్తో ఎందుకు? మిషన్‌లో పైదారం, కిందిదారం తోలు మధ్యలో ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకుంటాయి. ఒకటి తెగితే రెండోదానికి పట్టు పోతుంది. చేతి కుట్టులో ఒకే దారం రెండు చివర్లకూ సూదులుంటాయి, ప్రతి రంధ్రంలోంచీ రెండూ ఎదురెదురుగా దూరుతాయి. ఒకవైపు అరిగి తెగినా రెండోవైపు కుట్టును పట్టి ఉంచుతుంది. అయితే రంధ్రాలు మరీ దగ్గరైతే ఏ కుట్టూ కాపాడలేదు, తపాలా బిళ్లలా తోలు ఆ వరస వెంబడే చిరుగుతుంది. 2 మిల్లీమీటర్ల తోలుకు రంధ్రానికీ రంధ్రానికీ 4 మిల్లీమీటర్ల ఎడం బాగా సరిపోతుంది.

వెజ్ టాన్ పర్యావరణానికి మేలన్న ప్రచారాన్ని మాత్రం నేను పూర్తిగా నమ్మను. చెక్క నీళ్లు కూడా వాగులో కలిస్తే వాగును పాడుచేసేవే. యలవర్తి నాయుడమ్మ ఒకప్పుడు నడిపిన చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ క్రోమ్ వ్యర్థాన్ని తగ్గించే పద్ధతుల మీద ఎంతో పనిచేసింది కూడా. వానలో తిరిగే బ్యాగుకు, ఒంటికి ఒదిగే మెత్తని బ్యాగుకు క్రోమ్ తోలే నయం. చెయ్యి కుదిరాక దాని దగ్గరికి వెళ్లొచ్చు.

చెక్క తోలుకు ఇంకో పేచీ ఉంది, ఇనుముతో. తడి తోలు మీద ఇనప కత్తి కాసేపు పెట్టి తీస్తే నీలిమీద నల్లటి మచ్చ మిగులుతుంది. కరక్కాయ పట్టించిన బట్ట మీద తుప్పు, బెల్లం నానబెట్టిన ద్రావణంతో గీసినప్పుడు కలంకారీకి నలుపు తెచ్చే టానిన్-ఇనుము చర్యే ఇదీను. అందుకే బకిళ్లు, రివెట్లు ఇత్తడివి వాడాలి, తోలు తడిగా ఉన్నప్పుడు ఇనప పనిముట్లు దానిమీద ఉంచకూడదు. మచ్చ పడితే వెంటనే నిమ్మరసం అద్ది, తడిబట్టతో తుడిచి, నీడన ఆరబెట్టాలి. ఆరాక కాస్త నూనె రాస్తే సరి.