గురక యంత్రంతో సొంత ప్రయోగాలు వద్దు

నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుకు వైద్యులు రాసిచ్చే సీప్యాప్ యంత్రం ఇప్పుడు పల్లెల్లోని ఇళ్లకూ చేరుతోంది. వారం తిరగకముందే సందేహాలు మొదలవుతాయి. ఉదయం తల దిమ్ముగా ఉంటే పీడనం చాలడం లేదని కొందరు అంకె పెంచేస్తారు. గాలి విసురు భరించలేక మరికొందరు తగ్గిస్తారు. మాస్కు రంధ్రాల్లోంచి గాలి వృథాగా పోతోందని ప్లాస్టర్ అంటించేవారూ లేకపోలేదు. అన్నింటిలోకీ ప్రమాదకరం ఈ చివరిదే.

నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనుక దారి మూసుకుపోవడమే స్లీప్ ఆప్నియా. ఆ సమయంలో రక్తంలో ప్రాణవాయువు పడిపోతుంది, బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. ఒత్తిడితో గాలిని పంపి ఈ దారిని తెరిచి ఉంచవచ్చని 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివన్ బృందం చూపింది. పొలంలో పరిచిన మెత్తటి పైపు మోటారు వేయగానే ఉబ్బి నిలబడినట్లే ఇదీ. యంత్రంపై సాధారణంగా 4 నుంచి 20 వరకు అంకెలుంటాయి. 10 అంటే పది సెంటీమీటర్ల ఎత్తున నీటిని నిలపగల పీడనం. వాతావరణ పీడనం కంటే ఇది దాదాపు ఒక్క శాతమే ఎక్కువ.

రంధ్రాలు ఎందుకంటే..

సీప్యాప్ రోగి తరఫున ఊపిరి తీయదు. పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ ఒకే ఒత్తిడి ఉంచుతుందంతే. బయటి గాలిలో బొగ్గుపులుసు వాయువు 0.04 శాతమే కాగా, మనం వదిలే గాలిలో సుమారు 4 శాతం ఉంటుంది. యంత్రం నుంచి వచ్చే గొట్టం ఒక్కటే కనుక, వదిలిన గాలి పోయేందుకే మాస్కుకు రంధ్రాలు పెట్టారు. పీడనం 4 ఉన్నప్పుడు వాటి గుండా నిమిషానికి సుమారు 20 లీటర్లు, 10కి చేరితే 30 లీటర్లకు పైగా గాలి పోతుంది. మాస్కు రకాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది. పీడనం బాగా తక్కువగా ఉంటే కొందరికి ఉక్కిరిబిక్కిరిగా అనిపించడానికి ఇదో కారణం. రంధ్రాలు మూసేస్తే వదిలిన గాలినే మళ్లీ పీల్చాల్సి వస్తుంది. కరెంటు పోయి యంత్రం ఆగినా అంతే. ముక్కు, నోరు రెండూ కప్పే మాస్కులకు అలాంటప్పుడు తెరుచుకునే కవాటం ఉన్నా, మాస్కు తీసేయడమే క్షేమం. కోతలుండే ఊళ్లలో యంత్రంతోపాటు ఇన్వర్టర్ గురించీ ఆలోచించాలి.

పెంచితే తగ్గుతుందా?

ధమని రక్తంలో బొగ్గుపులుసు వాయువు పీడనం 35 నుంచి 45 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. గొంతు మూసుకుపోవడం వల్లే అది పెరుగుతుంటే, సరైన పీడనంతో అదుపులోకి వస్తుంది. అవసరానికి మించి పెంచితే కొందరిలో వాయువు మరీ తగ్గిపోయి, ఊపిరి తీయమని మెదడు ఇచ్చే సంకేతమే ఆగుతుంది. అంటే గొంతు తెరిచే ఉన్నా ఊపిరి ఆగుతుంది.

స్థూలకాయుల్లో, ఏళ్ల తరబడి పొగతాగి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారిలో పగటిపూట కూడా వాయువు 45 దాటవచ్చు. వీరిలో కొందరికి సీప్యాప్ చాలదు, బైప్యాప్ కావాలి. అందులో పీల్చేటప్పుడు 16, వదిలేటప్పుడు 8 అని రెండు అంకెలుంటాయి. ఊపిరిని లోతుగా చేసి వాయువును బయటకు పంపేది వీటి మధ్య తేడాయే. రెండింటినీ సమానంగా పెంచితే తేడా మారదు, కాబట్టి ఆ మేరకు ప్రయోజనం కూడా ఉండదు.

కరోనా కాలంలో ఇంటింటా కొన్న ఆక్సీమీటర్ ఈ విషయంలో అక్కరకు రాదు. అది ప్రాణవాయువునే చూపుతుంది. పక్కన ఆక్సిజన్ పెట్టుకున్నవారికి 96 చూపుతున్నా, లోపల బొగ్గుపులుసు వాయువు పెరుగుతూ ఉండవచ్చు. దాన్ని కచ్చితంగా తేల్చేది మణికట్టు ధమని నుంచి రక్తం తీసి చేసే పరీక్ష. ఉదయం తలనొప్పి, పగలు ఆగని మగత, మాటల్లో తడబాటు కనిపిస్తే అంకె మార్చకుండా ఛాతీ వైద్యుడిని కలవాలి. వెళ్లేటప్పుడు మాస్కును, యంత్రంలోని మెమరీ కార్డును వెంట తీసుకెళితే, ఏ రాత్రి ఎంత పీడనం నడిచిందో, ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో వైద్యుడు చూడగలుగుతారు.