ముప్పయి పాటలు – వదిలేసిన చరిత్ర

1

గత ఏడాది మా పట్టణంలోని సాహిత్య మిత్రులు నాకొక పని అప్పగించారు. కన్నుమూసిన ఒక స్థానిక కవి రచనల్లోంచి ముప్పయి కవితలు ఎంచి పుస్తకంగా తేవాలని వారి సంకల్పం. ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పుకునే నాకు ఇదేమంత కష్టమైన పనిగా తోచలేదు. ఏ సభలో ఏ కవితకు చప్పట్లు మోగాయో నాకు గుర్తే. రెండు సాయంత్రాల్లో జాబితా సిద్ధమైంది. దాన్ని పట్టుకుని కవిగారి ఇంటికి వెళితే ఆయన భార్య చివరిదాకా చదివి, "అన్నీ బాగున్నవే మాస్టారూ. కరువు పనుల కవిత లేదేం?" అని మాత్రం అడిగారు. అది ఆరు పుటల దీర్ఘకవిత. ఏ సభలోనూ పూర్తిగా చదివే వ్యవధి దొరకనిది. అందుకే నా జాబితాలోకి రాలేదు. ఆ కారణం ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ రోజుల్లోనే నా పూర్వ విద్యార్థి ఒకడు పెన్‌డ్రైవులో కొన్ని పాటలు తెచ్చి ఇచ్చాడు. అమెరికన్ నల్లజాతి గాయని అరేతా ఫ్రాంక్లిన్ పాడినవి. సంపుటి పేరు 'థర్టీ గ్రేటెస్ట్ హిట్స్'. అట్లాంటిక్ రికార్డు సంస్థ 1985లో వెలువరించింది. అక్కడా ముప్పయే! సంగీతశాస్త్రం నాకు తెలియదు. కాని ఎవరి గుర్తింపుకు ఏది నోచుకుంది, ఏ కొలమానంతో ఎంచారు అన్నది సాహిత్య విమర్శకు సంబంధించిన ప్రశ్నే. ఆ ప్రశ్నతోనే ఆ పాటలు విన్నాను. ఈ వ్యాసం దాని ఫలితం.

2

ముందుగా గాయని ఎవరో తెలుసుకోవాలి. అరేతా 1942 మార్చి 25న టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో పుట్టింది, మోటారు పరిశ్రమకు పేరుపడ్డ డెట్రాయిట్‌లో పెరిగింది. తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ అక్కడి న్యూ బెతెల్ బాప్టిస్ట్ చర్చి పాస్టరు, గొప్ప వక్త. 1963 జూన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ పాల్గొన్న డెట్రాయిట్ మహాప్రదర్శనను నిర్వహించిన ముఖ్యుల్లో ఆయన ఒకరు. అరేతాకు పాటా పియానో అబ్బినది ఆ చర్చిలోనే.

చర్చిపాట తీరు తెలిస్తే గాని 'సోల్' సంగీతం అర్థం కాదు. అక్కడ ఒకరు పాడి తక్కినవారు వినడం ఉండదు. ఒకరు పిలుస్తారు, సమూహం బదులు పలుకుతుంది. మన బుర్రకథలో కథకుడికి వంతలు అందించే ఊతం ఎటువంటిదో తెలిసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. బానిసత్వంలో మగ్గిన ఒక జాతి, బహిరంగంగా చెప్పుకోలేని వేదననూ ఆశనూ ఈ సామూహిక గానంలో దాచుకుంది. ఆ గొంతునూ ఆ పిలుపు-బదులు పద్ధతినీ లౌకిక జీవితానికి, ప్రేమకూ విరహానికీ తగవులకూ అన్వయించినప్పుడు వచ్చినదే సోల్. పాత రూపంలో కొత్త వస్తువు! ప్రజానాట్యమండలి బుర్రకథను మలచుకున్న తీరు ఎరిగిన మనకు ఇది అపరిచితం కాదు.

1960లో అరేతా కొలంబియా రికార్డు సంస్థలో చేరింది. అక్కడ ఆమె చేత తంత్రీవాద్యాల మధ్య నాజూకైన పాటలూ జాజ్ పాటలూ ఎక్కువగా పాడించారు. ఆ గొంతుకు దాని నేల దొరకలేదు. ఆరేళ్ళ తర్వాత అట్లాంటిక్ సంస్థకు మారింది. 1967 జనవరిలో నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ ఆమెను అలబామా రాష్ట్రంలోని మజిల్ షోల్స్ అనే చిన్న పట్టణానికి తీసుకువెళ్ళాడు. చేసిన ముఖ్యమైన పని ఒక్కటే: ఆమెను పియానో ముందు కూర్చోబెట్టడం. వేళ్ళూ గొంతూ ఒకచోట కలిశాయి. వాద్యకారులు దక్షిణాది తెల్ల యువకులు. జాతి వివక్ష నరనరాన జీర్ణించుకున్న రాష్ట్రంలో నల్ల స్త్రీ గొంతు చుట్టూ వాళ్ళు వాద్యాలు అల్లారు. కాని అదే రోజు మద్యం, మాటామాటా పెరిగి తగవైంది. ఒక పాట పూర్తయింది, ఇంకొకటి సగంలో ఆగింది. మిగిలిన పని న్యూయార్కులో జరిగింది. సమాజంలోని ఉద్రిక్తత స్టూడియో తలుపు దగ్గర ఆగిపోదు గదా!

3

సంపుటిలో రెండవ పాట 'రెస్పెక్ట్'. గౌరవం అని అర్థం. దీన్ని రాసి 1965లో పాడినవాడు ఓటిస్ రెడ్డింగ్. అతని పాటలో పనిచేసి సంపాదించి ఇంటికి వచ్చే మగవాడు తన ఇల్లాలిని అడుగుతున్నాడు: ఇంటికి వచ్చాక నాకు దక్కవలసిన గౌరవం దక్కాలి అని. అరేతా 1967 ఫిబ్రవరి 14న ఇదే పాటను రికార్డు చేసింది. ఇక్కడ అడుగుతున్నది స్త్రీ. డబ్బు తన దగ్గరా ఉంది, బతిమాలే అవసరం తనకు లేదు. పలికే మనిషి మారడంతో వాక్యార్థం తలకిందులయింది. యజమాని హక్కుగా వినిపించినది సమాన హక్కుగా మారింది.

అంతేనా? ఓటిస్ పాటలో లేనివి ఆమె చేర్చింది. ఆ మాటను అక్షరం అక్షరంగా విడదీసి పలికే ఘట్టం ఆమెది. బడిలో పిల్లలకు గుణింతం వల్లె వేయించే పంతులుగా నాకిది వింటే నవ్వు వచ్చింది. వినని వాడికి అక్షరాలు కూడబలికి చెప్పక తప్పదు! ఇక వెనుక నుంచి వత్తాసు పలికేది ఆమె తోబుట్టువులు కరోలిన్, ఎర్మా. ముగ్గురు అక్కచెల్లెళ్ళు కలిసి అడుగుతుంటే అది ఒక ఇంటి తగవుగా మిగలదు. నడుమ కింగ్ కర్టిస్ శాక్సాఫోన్ వస్తుంది. అదీ మొదటి పాటలో లేదు.

ఆ ఏడాది జూన్‌లో ఈ పాట అమెరికా జనప్రియ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. మరుసటి నెలలోనే, జులై చివరివారంలో, ఆమె పెరిగిన డెట్రాయిట్ తిరుగుబాటుతో భగ్గుమంది. 43 మంది చనిపోయారు. పాట తిరుగుబాటును తెచ్చిందని నేననను. అలా అనడం విమర్శ కాదు, అతిశయోక్తి. కాని వీధుల్లో నడిచే మనుషులకు తమ నోట ఆడుతున్న మాటే రేడియోలో వినిపించింది. భార్యాభర్తల పాటను పౌరహక్కుల ఉద్యమమూ స్త్రీల ఉద్యమమూ తమదిగా చేసుకున్నాయి. కృతి అర్థం కర్త చేతిలో ముగిసిపోదని తరగతిలో చెబుతుంటాం. అందుకు ఇంతకంటే తేటైన ఉదాహరణ నేనెరగను.

4

ఇప్పుడు సంపుటి సంగతి. ఈ ముప్పయి పాటలూ 1967 నుంచి 1974 వరకూ వచ్చినవి, దాదాపు కాలక్రమంలో అమర్చినవి. కొలంబియా కాలపు పాట ఒక్కటీ లేదు. 1980 తర్వాతివీ లేవు. మొదటి ఆరేళ్ళు కొలంబియా ఆస్తి. 1980 నుంచి ఆమె అరిస్టా అనే మరో సంస్థలో పాడుతోంది. అంటే 'ఆమె మేటి పాటలు' అన్న శీర్షికకు అసలు అర్థం 'మా గోదాములో ఉన్న ఆమె మేటి పాటలు' అని! 1985లోనే అరిస్టాలో ఆమె కొత్త పాటలు మళ్ళీ పెద్ద విజయం సాధించాయి. సరిగ్గా అదే సంవత్సరం పాత సంస్థ తన దగ్గరున్న సరుకును సర్ది బయటికి తెచ్చింది. ఇందులో తప్పేముందని అడగవచ్చు. వ్యాపారంగా తప్పేమీ లేదు. దాన్ని కళాకారిణి జీవిత సారంగా మనం పొరబడితేనే తప్పు.

రెండవ కొలమానం 'హిట్' అన్న మాటలోనే ఉంది. హిట్ అంటే ఒక్కో పాటగా అమ్ముడై రేడియోలో మోగినది. రేడియోకు ఇమిడేది మూడు నిమిషాల పాట. ఆ మూడు నిమిషాల్లో అరేతా చూపిన బిగువు అసామాన్యం, ఒప్పుకోవాలి. అయితే ఇమడనివి ఏమయ్యాయి?

1972 జనవరిలో ఆమె లాస్ ఏంజెలిస్‌లోని ఒక బాప్టిస్ట్ చర్చిలో రెండు రాత్రులు పాడింది. పక్కన జేమ్స్ క్లీవ్‌లాండ్, వెనుక గాయక బృందం, ఎదుట సభ. ఆ సంపుటి 'అమేజింగ్ గ్రేస్'. ఆమె సంపుటాలలో విశేషంగా అమ్ముడైనవాటిలో అదొకటి. అందులో శీర్షిక గీతం పది నిమిషాలు దాటుతుంది. ఆమె ఒక మాటను పట్టుకుని సాగదీస్తుంటే సభ బదులు పలుకుతుంది. ఆ బదులు విని ఆమె దారి మార్చుకుంటుంది. పాట అక్కడికక్కడ, అందరి మధ్యా తయారవుతుంది. ముప్పయి పాటల్లో ఆ రాత్రుల తునక ఒకటి దొరుకుతుంది గాని, ఆ సభ దొరకదు. నా జాబితాకు అందని ఆరు పుటల కవిత నాకిక్కడ గుర్తుకు వచ్చింది.

అదే సంవత్సరం వచ్చిన మరో సంపుటికి ఆమె ఎంచుకున్న పేరు 'యంగ్, గిఫ్టెడ్ అండ్ బ్లాక్'. నల్లజాతి యువతకు తమ మీద తమకు విశ్వాసం కలిగించే ఆ శీర్షిక గీతాన్ని మొదట పాడినది నీనా సిమోన్. ముప్పయిలో ఆ సంపుటిలోని ప్రేమగీతాలకు చోటు దక్కింది, శీర్షిక గీతానికి దక్కలేదు. ఇది కుట్ర అనను. 'హిట్' అనే జల్లెడ కన్నాలే అలాంటివి. ఎవరూ పనిగట్టుకుని తీసివేయకుండానే కొన్ని రాలిపోతాయి.

నాకందిన జాబితాలో పాటల పేర్లు తప్ప మరేమీ లేదు. స్వేచ్ఛ కోసం ఎలుగెత్తే 'థింక్' అన్న పాట 1968 మేలో వచ్చిందనీ, అప్పటికి కింగ్ హత్య జరిగి నెల అయిందనీ అది చెప్పదు. 1970లో కమ్యూనిస్టు మేధావి ఏంజెలా డేవిస్ జైలులో ఉన్నప్పుడు, జామీను రెండున్నర లక్షల డాలర్లయినా తానే కడతానని అరేతా బహిరంగంగా ప్రకటించిన సంగతీ చెప్పదు. తనకు డబ్బు వచ్చింది నల్లజాతి ప్రజల వల్ల, అది వారికే పనికిరావాలి అన్నది ఆమె వాదన. చివరికి జామీను వేరేవారు కట్టారు. 1972లో ఏంజెలా నిర్దోషిగా విడుదలైంది. ఈ సంగతి తెలిసి విన్న పాటా తెలియక విన్న పాటా ఒక్కటి కావు.

5

పాట ఎవరిది అన్న ప్రశ్న ఒకటి మిగిలింది. అమెరికాలో మామూలు రేడియో కేంద్రాలు పాట ప్రసారం చేస్తే రచయితకూ ప్రచురణకర్తకూ రుసుము చెల్లిస్తాయి. పాడినవారికి చెల్లించనక్కరలేదు. అందుచేత 'రెస్పెక్ట్' రేడియోలో మోగిన ప్రతిసారీ ప్రతిఫలం ఓటిస్ రెడ్డింగ్ పక్షానికి ముట్టింది. అతను 1967 డిసెంబరులో విమాన ప్రమాదంలో మరణించాక వారసులకు ముట్టింది. రచయిత హక్కును నేను తక్కువ చేయను. అందులోనూ అతనూ దోపిడి ఎరిగిన జాతివాడే. కాని పాట అర్థాన్నే మార్చివేసిన స్త్రీ శ్రమకు ఆ లెక్కలో గడే లేదు. చట్టం దృష్టిలో ఆమె పాడిందంతే.

మన దగ్గర ఈ తగవు మరో వైపు నుంచి వచ్చింది. 2012 చట్ట సవరణ గీత రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో వదులుకోలేని వాటా కల్పించింది. 2017లో ఇళయరాజా తన పాటలను అనుమతి లేకుండా వేదికల మీద పాడరాదని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి నోటీసు పంపినప్పుడు తెలుగువాళ్ళం రెండు పక్షాలుగా చీలి వాదించుకున్నాం. రాసినవాడా, బాణీ కట్టినవాడా, పాడినవాడా అని ముగ్గురు శ్రమజీవులు పోట్లాడుకుంటుంటే, రికార్డు హక్కులు గుప్పిట్లో ఉన్న నాలుగవవాడు నిశ్చింతగా సంకలనాలు వేసుకుంటాడు.

6

అరేతా 2018 ఆగస్టు 16న డెట్రాయిట్‌లో కన్నుమూసింది. వెంటనే జనం వెతుక్కున్నది ఈ ముప్పయి పాటల సంపుటినే. ముప్పయి మూడేళ్ళ తర్వాత అది అమెరికా అమ్మకాల పట్టికలో మొదటి పదింటిలోకి వచ్చింది. అందుచేత ఇటువంటి సంకలనాలను తీసిపారేయడం సులువు గాని సబబు కాదు. నాబోటివాడికి ఆ గొంతు ఇంటికి వచ్చింది ఆ ద్వారం గుండానే. ద్వారాన్నే ఇల్లనుకోవడం మాత్రం పొరపాటు.

సంకలనకర్తలు కాబోయే రచయిత మిత్రులకూ విద్యార్థులకూ నా విన్నపం ఇది. ప్రతి రచన కింద అది వచ్చిన సంవత్సరం వేయండి. అది ఏ సందర్భంలో, ఎవరి మధ్య పుట్టిందో రెండు వాక్యాలు రాయండి. చప్పట్లు పడ్డవాటి పక్కన, చప్పట్లకు అవకాశమే దొరకని వాటికీ చోటు చూడండి. అన్నిటికీ మించి, ఏమి వదిలారో, ఎందుకు వదిలారో ముందుమాటలో ఒప్పుకోండి. ఎంపికలో పక్షపాతం తప్పదు. దాచిన పక్షపాతమే పాఠకుణ్ణి మోసం చేస్తుంది.

నేను మళ్ళీ కవిగారి ఇంటికి వెళ్ళాను. ఆమె ట్రంకుపెట్టె తెరిచి కరువు పనుల కవిత రాతప్రతి తీసి ఇచ్చారు. మట్టి తట్టలు మోసిన ఆడవాళ్ళ పేర్లు అంచుల్లో పెన్సిలుతో రాసి ఉన్నాయి. ఇప్పుడు మా పుస్తకంలో ఇరవైనాలుగు కవితలే ఉన్నాయి. మొదటిది ఆ ఆరు పుటల కవిత.