ఒళ్లు దాచుకున్నాడా? – గాయపడిన ఆటగాడి నిబద్ధత, అభిమానుల అసహనం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
గాయపడిన ప్రముఖ ఆటగాడు బరిలోకి దిగకపోతే అభిమానులు అతని నిబద్ధతను శంకిస్తారు. ఈ అసహనం ఏ భావనల నుంచి పుడుతున్నదో, అందులో న్యాయం ఎంతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు డెరిక్ రోజ్, ఆంధ్ర క్రికెటర్ హనుమ విహారి ఉదంతాలు ఇందులో ప్రధాన ఆధారాలు. ధర్మవరం మగ్గం, పెనుకొండ కర్మాగారం, హిందూపురం ప్రాంతపు వీరగల్లు – ఈ మూడూ శరీరానికీ కర్తవ్యానికీ మధ్య చూపే మూడు రకాల సంబంధాల వెలుగులో ఆ ఉదంతాలను పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: అభిమానం, నిబద్ధత, గాయం, వీరగల్లు, నెత్తరు కొడగె, బాస్కెట్‌బాల్, హనుమ విహారి.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ‘ఒళ్లు దాచుకోవడం’ అనే జాతీయం ఉంది. శక్తి ఉండి కూడా పని తప్పించుకొనేవాణ్ణి గురించి వాడే మాట అది. ‘ఒళ్లు వంచడం’, ‘ఒళ్లు హూనం చేసుకోవడం’ దానికి ఎదురుగా నిలిచే మాటలు. మూడింటిలోనూ మనిషి చిత్తశుద్ధికి కొలమానం శరీరమే. శరీరాన్ని ఖర్చు పెట్టినవాడు నిజాయితీపరుడు, మిగుల్చుకొన్నవాడు అనుమానితుడు.

క్రీడాభిమానులు గాయపడిన ఆటగాణ్ణి తూచే తూకం కూడా ఇదే. ఆట బాస్కెట్‌బాల్ అయినా, క్రికెట్ అయినా, “నిజంగా నొప్పేనా? లేక ఒళ్లు దాచుకొంటున్నాడా?” అన్న ప్రశ్న ఒకేలా వినిపిస్తుంది. ఈ ప్రశ్నను అభిమానుల మూర్ఖత్వంగా కొట్టివేయడం తేలిక. కాని దాని వెనుక శ్రమను గురించి, వీరత్వాన్ని గురించి, బాకీని గురించి సమాజం తరతరాలుగా పెంచుకొన్న ఊహలున్నాయి. గుంతకల్లు నుంచి బెంగళూరు వెళ్లే రైలుమార్గంలో వరుసగా వచ్చే ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఆ ఊహలను స్పష్టంగా చూపగల ఊళ్లు. అందుకే ఈ పరిశీలనకు వాటిని క్షేత్రంగా స్వీకరించాను.

2. ఆరోపణ స్వరూపం – డెరిక్ రోజ్ ఉదంతం:

డెరిక్ రోజ్ షికాగోలో పుట్టి పెరిగి, షికాగో బుల్స్ జట్టుకే ఆడినవాడు. 2011లో 22 ఏళ్ల వయసులో ఎన్‌బీఏ ‘అత్యంత విలువైన ఆటగాడు’ పురస్కారం పొందాడు. అంత చిన్న వయసులో దాన్ని అందుకొన్నవారు అంతకుముందు లేరు. 2012 ఏప్రిల్ 28న ఫిలడెల్ఫియాతో జరిగిన పోటీలో అతని ఎడమ మోకాలి కీలును పట్టి ఉంచే ముఖ్యమైన బంధనం (ఏసీఎల్) తెగిపోయింది. శస్త్రచికిత్స జరిగింది.

వివాదం గాయంతో కాక, కోలుకొన్న తరువాత మొదలైంది. 2013 మార్చి నాటికి వైద్యులు ఆడవచ్చునన్నారని వార్తలు వచ్చాయి. రోజ్ మాత్రం ఆ సీజను ముగిసేదాకా బరిలోకి దిగలేదు. అదే సమయంలో సహచరుడు జోకిమ్ నోవా అరికాలి నొప్పితోనే ఆడుతున్నాడు. ఒకడు నొప్పితో ఆడుతుంటే మరొకడు మామూలు దుస్తుల్లో బల్లమీద కూర్చొని చూడడం అభిమానులకు మింగుడుపడలేదు. సొంత ఊరివాడు కావడంతో ఆ నిరాశ మరింత ఘాటెక్కింది.

2013 అక్టోబరులో రోజ్ తిరిగివచ్చాడు. నవంబరు 22న పోర్ట్‌లాండ్‌లో కుడి మోకాలికి గాయమై, ఆ సీజనుకూ దూరమయ్యాడు. ఎన్నో నెలలు ఆగి వచ్చినవాడు కొన్ని వారాలకే మళ్లీ పడిపోయాడు. అతని జాగ్రత్త పిరికితనం కాదని దీన్నిబట్టి రుజువైందని చెప్పలేం. రెండో గాయం వేరొక మోకాలికి తగిలింది. శరీరం విషయంలో బయటివారి లెక్కలు ఎంత పేలవమైనవో మాత్రం అది తెలియజెప్పింది.

ఇక్కడ రెండు విషయాలను విడదీసి చూడాలి. ‘ఆడవచ్చు’ అని వైద్యుడు చెప్పేది కీలు స్థితిని గురించి. ‘ఆడగలను’ అని ఆటగాడు చెప్పేది, పరుగెత్తుతూ ఒక్కసారిగా ఆగి, మలుపు తిరిగి, గాలిలోకి ఎగిరేటప్పుడు ఆ కాలిమీద తనకున్న నమ్మకాన్ని గురించి. మొదటిది పరీక్షలకు అందుతుంది. రెండోది అనుభవించేవాడికే తెలుస్తుంది. అభిమాని మొదటిదాన్ని మాత్రమే వినగలడు. అనుమానం ఈ ఖాళీలో మొలకెత్తుతుంది.

3. ‘అభిమానం’లోని రెండర్థాలు:

తెలుగులో అభిమానం అంటే ప్రేమ, ఆత్మగౌరవం కూడా. ‘అభిమానధనుడు’ అని సుయోధనుణ్ణి అన్నప్పుడు రెండో అర్థమే ప్రధానం. అభిమాని అన్న మాటలో ఈ రెండూ కలిసే ఉన్నాయి. తాను అభిమానించేవాడి గెలుపు తన గౌరవం. అతని వెనుకంజ తన తలవంపు.

హిందూపురానికి ఈ బంధం కొత్తది కాదు. 1985, 1989, 1994 ఎన్నికల్లో ఆ నియోజకవర్గం నందమూరి తారక రామారావును శాసనసభకు పంపింది. 1989లో ఆయన కల్వకుర్తిలో ఓడిపోయినా హిందూపురం చేయి విడువలేదు. ఇటువంటి విధేయత తాను ఇచ్చినదానికి సమానమైనదాన్ని ఎదుటివాడి నుంచి ఆశిస్తుంది. “మేము ఓటమిలోనూ నీ వెంట నిలిచాం, నీవు నొప్పిలో మాకోసం నిలవలేవా?” అన్నది అసహనంలోని అసలు వాక్యం. దీన్ని అన్యాయమని ఒక్కమాటలో తోసిపుచ్చలేం. విధేయత చూపినవాడికి అడిగే హక్కు కొంత ఉంటుంది. ఏమి అడగవచ్చు అన్నదే ప్రశ్న.

4. శరీరాన్ని గురించి మూడు ఊహలు:

4.1 ధర్మవరం – మగ్గం:
ధర్మవరం పట్టుచీరకు పెట్టింది పేరు. గుంటమగ్గంలో కూర్చొన్న నేతకారుడు కాళ్లతో తొక్కుతూ, చేతులతో నాడె ఆడిస్తూ, గంటలకొద్దీ ముందుకు వంగి పనిచేస్తాడు. నడుమునొప్పి, మెడనొప్పి, కంటిచూపు మందగించడం ఆ వృత్తికి వెన్నంటి ఉండేవే. చీర లెక్కన కూలి తీసుకొనే కుటుంబంలో మగ్గం ఆగిన రోజు ఆదాయం లేని రోజు. అటువంటి ఇంట పెరిగిన యువకుడికి కోట్లు సంపాదించే ఆటగాడు నొప్పి అని కూర్చోవడం విడ్డూరంగా తోచడంలో ఆశ్చర్యం లేదు. ఎన్‌బీఏ ఒప్పందాల్లో చాలావాటికి చెల్లింపు హామీ ఉంటుంది. గాయపడినా జీతం అందుతుంది. అభిమాని కోపంలో కొంతభాగం ఆటగాడి మీద కాదు, తనకు లేని ఆ భద్రత మీద.

4.2 పెనుకొండ – కర్మాగారం:
పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. సంఘటిత పరిశ్రమలో గాయానికి వేరే అర్థం ఉంది. 1923 నాటి నష్టపరిహార చట్టం, 1948 నాటి ఈఎస్ఐ చట్టం మొదలైనవి పనిలో తగిలిన గాయాన్ని కార్మికుడి లోపంగా కాక, యజమాని బాధ్యతగా చూశాయి. ఇక్కడ గాయపడినవాడు ఇంట్లో ఉండడం ఒళ్లు దాచుకోవడం కాదు, హక్కు. నొప్పితో యంత్రం ముందు నిలబడేవాడు వీరుడనిపించుకోడు. తనకూ పక్కవాడికీ ప్రమాదం తెచ్చేవాడవుతాడు. వృత్తిక్రీడాకారుడు కూడా ఒప్పందంమీద పనిచేసే ఉద్యోగే. అయినా అతని విషయంలో మనం కర్మాగార న్యాయాన్ని మరచి మగ్గం న్యాయాన్ని వర్తింపజేస్తాం.

4.3 హిందూపురం – వీరగల్లు:
హిందూపురానికి పడమటి దిక్కున, మడకశిర ప్రాంతంలో ఉన్న హేమావతి ఒకప్పుడు నొళంబ రాజుల రాజధాని. నాడు దాని పేరు హెంజేరు. ఈ సీమలో ఆలమందలను కాపాడుతూనో, ఊరిని రక్షిస్తూనో నేలకొరిగినవారికి వీరగల్లులు నిలిపారు. అనేక వీరగల్లుల్లో కింద పోరాటం, నడుమ అప్సరసలు వీరుణ్ణి పైకి కొనిపోవడం, పైన శివసన్నిధి వరుసగా కనిపిస్తాయి. గాయమే స్వర్గానికి మెట్టు అన్న భావం ఆ శిల్పంలో ఉంది. నొప్పితో ఆడినవాణ్ణి ఆకాశానికెత్తే నేటి అభిమానికి ఈ భావం పూర్వరూపం.

అయితే శాసనాలు ఇంకొక మాట కూడా చెబుతాయి. వీరుడు పడిపోయిన తరువాత అతని కుటుంబానికి భూమి ఇచ్చేవారు. కన్నడ శాసనాల్లో దీన్ని ‘నెత్తరు కొడగె’ అన్నారు. అంటే నెత్తురుకు బదులుగా ఇచ్చిన మాన్యం. ‘కల్నాడు’ అన్న పేరూ వ్యవహారంలో ఉంది. అంటే త్యాగం ఏకపక్షం కాదు. నెత్తురు తీసుకొన్న సమాజం అతని ఇంటి పోషణభారాన్ని తలకెత్తుకొంది. ఈ వ్యాసం ప్రధానంగా చెప్పదలచినది ఇదే: నేటి అభిమానసంస్కృతి వీరగల్లులోని మొదటి సగాన్ని నిలుపుకొంది, రెండో సగాన్ని మరచిపోయింది.

5. హనుమ విహారి – రెండు గాయాలు, రెండు తీర్పులు:

కాకినాడలో పుట్టిన హనుమ విహారి భారతదేశం తరఫున 16 టెస్టులు ఆడాడు. 2021 జనవరి 11న, సిడ్నీ టెస్టు చివరిరోజున, పరుగు తీస్తుండగా అతని తొడ వెనుక కండరం దెబ్బతిన్నది. పరుగెత్తలేని స్థితిలోనూ వికెట్ కాపాడుకొంటూ 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. నడుమునొప్పితో బాధపడుతున్న అశ్విన్‌తో కలిసి 40కి పైగా ఓవర్లు ఆడాడు. 407 పరుగుల లక్ష్యం ముందు భారత జట్టు 5 వికెట్లకు 334 పరుగులు చేసి ఓటమి తప్పించుకొంది. తరువాత బ్రిస్బేన్‌లో గెలిచి సిరీస్‌ను 2–1తో దక్కించుకొంది.

అతను ఇంకా క్రీజులో ఉండగానే, నాటి కేంద్రమంత్రి బాబుల్ సుప్రియో 109 బంతుల్లో 7 పరుగులు చేయడాన్ని తీవ్రంగా విమర్శించారు. విహారి క్రికెట్‌నే హత్య చేశాడన్నారు. ఆ వ్యాఖ్యలో అతని పేరును ‘బిహారి’ అని రాశారు. విహారి వాదించలేదు. తన పేరును సరిదిద్ది ఊరుకొన్నాడు.

ఈ విమర్శ రోజ్ ఉదంతానికి తలకిందులు. ఆడనివాణ్ణి ‘ఎందుకు ఆడలేదు’ అన్నారు. ఆడినవాణ్ణి ‘ఎందుకు ఇలా ఆడావు’ అన్నారు. రెండుచోట్లా గాయం కంటికి కనబడలేదు. చూసేవాడికి కనబడేది అంకె మాత్రమే.

2023లో ఇందోరులో మధ్యప్రదేశ్‌తో రంజీ క్వార్టర్ ఫైనల్ జరిగింది. ఆవేశ్ ఖాన్ వేసిన బంతి తగిలి ఆంధ్ర నాయకుడు విహారి ఎడమ మణికట్టు విరిగింది. అయినా చివరి వికెట్‌కు తిరిగి వచ్చాడు. కుడిచేతివాటం బ్యాటరైన అతను విరిగిన చేతికి దెబ్బ తగలకుండా ఎడమచేతివాటంగా నిలబడి, ఎక్కువభాగం ఒంటిచేత్తోనే ఆడాడు. మొత్తం 57 బంతుల్లో 27 పరుగులు చేశాడు. రెండో ఇన్నింగ్స్‌లోనూ దిగి 15 పరుగులు చేశాడు. ఆంధ్ర ఓడిపోయినా దేశమంతా అతన్ని కొనియాడింది. ఈసారి గాయం కంటికి కనబడింది కదా!

ఏడాది తిరిగింది. 2024 ఫిబ్రవరిలో విహారి, సీజను మొదట్లోనే తనను నాయకత్వం నుంచి తప్పుకోమన్నారని ఆరోపిస్తూ, ఇక ఆంధ్రకు ఆడనని అప్పట్లో ప్రకటించాడు. గత ఏడాది జట్టుకోసం శరీరాన్ని పణంగా పెట్టానని, ఎడమచేత్తో ఆడానని ఆ ప్రకటనలో గుర్తుచేశాడు. ఆ వివాదంలో భిన్నవాదనలు వచ్చాయి. వాటిలో తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. గమనించవలసింది అతని మాటలోని తర్కం. తాను నెత్తురు ఇచ్చానని, కొడగె మాత్రం అందలేదని అతను వాపోయాడు. వీరగల్లులో కలిసి ఉన్న రెండు సగాలు ఇక్కడ విడిపోయాయి.

6. ‘ఆడాలా, వద్దా?’ – నిర్ణయం ఎవరిది?

నొప్పితో దిగినవారందరికీ విహారి అదృష్టం దక్కదు. కెవిన్ డ్యూరాంట్ పిక్క గాయంతో నెలరోజులు ఆగి, 2019 జూన్ 10న ఎన్‌బీఏ ఫైనల్స్ అయిదో పోటీలో దిగాడు. ఆ పోటీలోనే కుడి మడమ వెనుక స్నాయువు తెగింది. 2019–20 సీజను మొత్తం ఆడలేకపోయాడు. అతని నిబద్ధతను అప్పటిదాకా శంకించినవారు ఆ తరువాత నోరు మెదపలేకపోయారు. కాని ఆ మౌనం తెగిన స్నాయువును అతికించలేదు.

మన ప్రాంతంతో సంబంధమున్న మరొక ఆటగాడు రఫెల్ నాదల్. అతని ఫౌండేషన్ 2010లో అనంతపురంలో టెన్నిస్ పాఠశాల ప్రారంభించింది. 2022 వింబుల్డన్ క్వార్టర్ ఫైనల్లో పొత్తికడుపు కండరం గాయపడినా, ఆపేయమని తండ్రి సైగచేసినా ఆడి గెలిచాడు. మరునాడు సెమీఫైనల్ నుంచి స్వయంగా తప్పుకొన్నాడు. రెండు రోజుల్లో రెండు భిన్న నిర్ణయాలు. మనిషి మారలేదు, నిబద్ధతా తగ్గలేదు. కాబట్టి దిగడం, దిగకపోవడం నిబద్ధతకు కొలమానాలు కాజాలవు.

అయితే అభిమాని అడగదగినవి లేకపోలేదు. గాయం తీరును జట్టు దాపరికం లేకుండా తెలియజేయడం, పునరావాసంలో ఆటగాడు శ్రద్ధ చూపడం, సహచరుల పక్షాన నిలవడం – ఇవి న్యాయమైన కోరికలే. గాయం లేకుండానే విశ్రాంతి పేరుతో ప్రముఖులు పోటీలు వదిలివేసే ధోరణిపై అసహనం కూడా నిరాధారం కాదు. ఎన్‌బీఏ 2023–24 నుంచి ప్రధాన పురస్కారాలకు కనీసం 65 పోటీలు ఆడాలన్న నియమం తెచ్చింది. ‘గాయం’, ‘విశ్రాంతి’ అనే రెండింటినీ ఒకే గాట కట్టినప్పుడే అభిమాని న్యాయం దారి తప్పుతుంది.

7. ముగింపు:

పై పరిశీలనను బట్టి ఈ కింది అంశాలను గుర్తించవచ్చు.

1. ‘ఒళ్లు దాచుకొన్నాడు’ అన్న ఆరోపణ, భద్రత లేని శ్రమజీవనపు అనుభవాన్ని భద్రత ఉన్న ఆటగాడికి వర్తింపజేయడం వల్ల పుడుతున్నది.
2. కనబడే గాయానికి కీర్తి, కనబడని గాయానికి నింద దక్కుతున్నాయి. విహారి ఉదంతంలో ఒకే మనిషికి రెండూ దక్కాయి.
3. వీరగల్లు సంప్రదాయంలో త్యాగమూ పోషణబాధ్యతా జంటగా ఉన్నాయి. నేటి అభిమానం మొదటిదాన్ని మాత్రమే కోరుతున్నది.

డెరిక్ రోజ్ 2024లో ఆటకు వీడ్కోలు పలికాడు. అతని ఒకటో నంబరు చొక్కాను ఇక ఎవరికీ ఇవ్వబోమని షికాగో బుల్స్ 2025 జనవరిలో ప్రకటించింది. ఒకనాడు అతన్ని శంకించిన నగరమే ఆ గౌరవానికి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పన్నెండేళ్లు ఆలస్యమైనా అది ఒక కొడగె.

‘బతికుంటే బలుసాకు తినవచ్చు’ అన్న సామెతా మన భాషలోనే ఉంది. మన కళాశాల మైదానాల్లోనూ కాలు బెణికిన విద్యార్థి ఫైనల్ నాడు అధ్యాపకుడి ముఖం వంక చూస్తాడు. ఆ క్షణాన మనం వాడే జాతీయం ఏది అన్నదానిమీద ఆ పిల్లవాడి మోకాలు ఆధారపడి ఉండవచ్చు.