జపాన్ ప్రాచీన ఖడ్గాలు: సేకరణ, గుర్తింపు, విక్రయం

11.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• జపాన్ ఖడ్గాలను పొడవును బట్టి, కాలాన్ని బట్టి వర్గీకరించగలుగుతారు.
• ఖడ్గం వయస్సును, దాన్ని చేసిన కమ్మరిని గుర్తించడానికి తోడ్పడే ఆధారాలను వివరించగలుగుతారు.
• రిజిస్ట్రేషన్ పత్రానికి, నిపుణుల ధ్రువపత్రానికి ఉన్న భేదాన్ని చెప్పగలుగుతారు.
• కొనేవారు, అమ్మేవారు పాటించవలసిన జాగ్రత్తలను పేర్కొనగలుగుతారు.

11.1 పరిచయం

ఇంట్లో పాత ఇత్తడి చెంబు కనబడితే మనం చింతపండు పెట్టి తోమి తళతళలాడిస్తాం. జపాన్ ఖడ్గం విషయంలో ఈ అలవాటే తీరని నష్టం తెస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికన్ సైనికులు ఎన్నో ఖడ్గాలను జ్ఞాపికలుగా తమ దేశానికి తీసుకువెళ్లారు. అలాంటి సైనికుడి మనవడికి ఇంటి అటక మీద ఒక ఖడ్గం దొరికిందనుకోండి. అతడు పిడి ఊడదీసి, లోపలి భాగానికి పట్టిన నల్లని తుప్పును గరుకు కాగితంతో రుద్ది మెరిపించాడనుకోండి. కత్తి కొత్తదానిలా కనిపిస్తుంది. కాని దాని వయస్సు చెప్పే సాక్ష్యం పోతుంది. విలువలో పెద్ద భాగం కూడా పోతుంది. ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే ఈ వ్యాపారమంతా దేనిమీద నిలబడి ఉందో అర్థమవుతుంది.

11.2 వర్గీకరణ

జపాన్ కొలమానంలో ఒక షాకు అంటే సుమారు 30.3 సెంటీమీటర్లు. అలుగు, అంటే కత్తి రేకు, ఒక షాకు కంటే తక్కువ ఉంటే దాన్ని టాంతో అంటారు. ఒకటి నుంచి రెండు షాకుల మధ్య ఉంటే వాకిజాషి. రెండు షాకులు, అంతకు మించి ఉంటే కతానా. గుర్రం మీద యుద్ధం చేసిన పాతకాలంలో అంచు కిందికి ఉండేలా నడుము నుంచి వేలాడదీసిన పొడవైన వంపు ఖడ్గం తాచి.

కాలాన్ని బట్టి చూస్తే, సుమారు 1596కు ముందువి కోతో (పాత ఖడ్గాలు), ఆ తరువాత 18వ శతాబ్దం చివరి వరకు వచ్చినవి షింతో (కొత్త ఖడ్గాలు), అక్కడి నుంచి 1876 వరకు వచ్చినవి షిన్‌షింతో. 1876లో మేజీ ప్రభుత్వం సైనికులు, పోలీసులు వంటి కొందరు తప్ప మిగిలినవారు బహిరంగంగా ఖడ్గం ధరించరాదని ఉత్తర్వు ఇచ్చింది. దానితో సమురాయ్‌ల నడుముకు ఉండిన ఆయుధం క్రమంగా సేకరణ వస్తువుగా మారింది.

11.3 ఖడ్గంలోని ఆధారాలు

ఇనుప ఇసుకను కట్టెబొగ్గుతో కరిగించి తీసిన తమహగనే అనే ఉక్కును కమ్మరి పదేపదే మడిచి సాగగొడతాడు. ఆ మడతల వల్ల అలుగు మీద చెక్కలోని చారల వంటి నమూనా ఏర్పడుతుంది. తరువాత అలుగుకు బంకమట్టి పూస్తాడు. వెన్ను వైపు మందంగా, అంచు వైపు పలుచగా పూసి, కాల్చి నీటిలో ముంచుతాడు. పలుచగా పూసిన అంచు త్వరగా చల్లారి గట్టిపడుతుంది. వెన్ను కొంత మెత్తగా మిగులుతుంది. ఈ రెండింటి సరిహద్దులో కనిపించే తెల్లని గీతను హామోన్ అంటారు. చారలు, హామోన్, వంపు చూసి నిపుణులు కాలాన్ని, సంప్రదాయాన్ని అంచనా వేస్తారు. యమాషిరో, యమాతో, బిజెన్, సోషూ, మినో అనేవి ఐదు ప్రధాన సంప్రదాయాలు.

పిడిలో దాగి ఉండే భాగం నాకగో. దీనికి మెరుగు పెట్టరు. దాని మీద ఆకురాయి గీతలు, పిడిని బిగించే వెదురు చీల కోసం చేసిన రంధ్రం, కొన్నిటిపై కమ్మరి సంతకం ఉంటాయి. వీటన్నిటి మీదా శతాబ్దాలుగా పేరుకున్న తుప్పు ఉంటుంది. పాత తుప్పు రంగును, నునుపును నకలు చేయడం కష్టం. ఆ తుప్పు చెరిగితే అసలుకు, నకలుకు తేడా తేల్చడం కష్టమవుతుంది.

11.4 సంతకాన్ని నమ్మవచ్చా?

సంతకం ఉంటే అసలుదేనని భావించడం కొత్తగా సేకరించేవారు చేసే మొదటి పొరపాటు. పేరు పొందిన కమ్మరుల సంతకాలను వందల ఏళ్ల క్రితమే ఇతరులు చెక్కారు. ఇలాంటి దొంగ సంతకాన్ని గిమేయ్ అంటారు. మరోవైపు, సంతకం లేకపోవడం లోపమూ కాదు. పొడవైన పాత ఖడ్గాలను తరువాతి కాలంలో నాకగో వైపు నుంచి కత్తిరించి పొట్టిగా చేసినప్పుడు ఎన్నో సంతకాలు పోయాయి. అత్యుత్తమ ఖడ్గాలలో సంతకం లేనివి చాలా ఉన్నాయి. అందుకే నిపుణులు ముందు అలుగును చదివి, తరువాతే సంతకం దానికి సరిపోతుందా అని చూస్తారు.

11.5 రెండు పత్రాలు, రెండు ప్రయోజనాలు

జపాన్‌లో ఖడ్గాన్ని ఉంచుకోవాలంటే దానికి రిజిస్ట్రేషన్ పత్రం ఉండాలి. 1958 నాటి ఆయుధ నియంత్రణ చట్టం ఇందుకు ఆధారం. ఈ రిజిస్ట్రేషన్ మనిషికి కాదు, ఖడ్గానికి. చేతులు మారినా పత్రం ఖడ్గంతోనే వెళ్తుంది. కొత్త యజమాని 20 రోజుల్లోగా సంబంధిత విద్యామండలికి తెలియజేయాలి. పత్రంలో పొడవు, వంపు, రంధ్రాల సంఖ్య, సంతకం ఉంటే అది ఉన్నది ఉన్నట్లుగా నమోదవుతాయి. ఆ సంతకం నిజమైనదని ఈ పత్రం హామీ ఇవ్వదు.

ఆ హామీకి దగ్గరగా వచ్చేది నిపుణుల ధ్రువపత్రం. పూర్వం హోనామీ వంశంవారు మడతపెట్టిన కాగితం మీద ఇలాంటి పత్రాలు ఇచ్చేవారు. 1948లో ఏర్పడిన జపాన్ కళాఖడ్గ పరిరక్షణ సంఘం ఇప్పుడు హోజోన్, తొకుబెత్సు హోజోన్, జూయో, తొకుబెత్సు జూయో అనే నాలుగు స్థాయిలలో ధ్రువపత్రాలు ఇస్తుంది. స్థాయి పెరిగేకొద్దీ సాధారణంగా ధర కూడా పెరుగుతుంది. మొదటి పత్రాన్ని చూపి రెండోది ఉన్నట్లు మాట్లాడే అమ్మకందారు దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

11.6 రెండు ఖడ్గాలు, రెండు ఫలితాలు

తొకుగావా వంశంవారి హోంజో మసామునే ఖడ్గం జపాన్ ఖడ్గాలలో అత్యంత ప్రసిద్ధమైన వాటిలో ఒకటి. యుద్ధానంతరం ఆయుధాలు అప్పగించాలన్న ఆజ్ఞ మేరకు 1945 చివరలో దాన్ని పోలీసులకు అప్పగించారు. ఆ తరువాత అది కనిపించలేదు.

కగోషిమాలోని తెరుకుని ఆలయానికి చెందిన కునిమునే తాచి కూడా అదే కాలంలో కనబడకుండా పోయింది. అమెరికన్ సేకర్త వాల్టర్ కాంప్టన్ దాన్ని గుర్తించి 1963లో జపాన్‌కు తిరిగి అప్పగించారు. నేడు అది జపాన్ జాతీయ సంపద. చూసినవారికి దాన్ని చదవడం తెలుసు కాబట్టే అది ఇల్లు చేరింది.

11.7 పాటించవలసిన జాగ్రత్తలు

• నాకగో మీది తుప్పును ఎట్టి పరిస్థితిలోనూ తొలగించరాదు.
• అలుగును వేలితో తాకరాదు. చెమట తగిలిన చోట తుప్పు పుడుతుంది.
• మెరుగు పెట్టే పనిని శిక్షణ పొందిన నిపుణుడికే అప్పగించాలి. ప్రతిసారీ కొంత ఉక్కు అరిగిపోతుంది, అది తిరిగి రాదు.
• అమ్మేవారు పగుళ్లు, కత్తిరింపులు, అనుమానాస్పద సంతకాలు ముందే చెప్పాలి.
• జపాన్ నుంచి బయటికి పంపాలంటే సాంస్కృతిక వ్యవహారాల శాఖ అనుమతి తీసుకోవాలి.

11.8 సారాంశం

జపాన్ ప్రాచీన ఖడ్గం విలువ దాని పదునులో గాని, మెరుపులో గాని లేదు. అది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చేశారో చెప్పే ఆధారాలలో ఉంది. ఖడ్గం మనకంటే ముందు ఎందరి చేతుల్లోనో ఉంది, మన తరువాత కూడా ఉంటుంది. కొన్నవారు దానికి కొంతకాలపు కాపలాదారులు మాత్రమే. ఆ ఆధారాలను చెరపకుండా తరువాతివారికి అందించడమే సేకర్త మొదటి బాధ్యత.

11.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నాకగో మీది తుప్పును ఎందుకు తొలగించరాదు?
2. గిమేయ్ అంటే ఏమిటి? సంతకం లేని ఖడ్గం తక్కువ విలువైనదని ఎందుకు చెప్పలేం?
3. రిజిస్ట్రేషన్ పత్రానికి, ధ్రువపత్రానికి గల భేదాలను 10 పంక్తులలో రాయండి.